బాగున్న బండిని ఎందుకు విప్పారు?

డులూత్, మిన్నెసోటా, అమెరికా
అక్టోబర్ 19

చిన్నీకి, నానిగాడికి తాతయ్య దీవెనలు.

ఆదివారం వీడియో కాల్‌లో పక్కింటాయన గ్యారేజీ చూపించాను కదా. పాత పేపర్ల మీద ఇంజన్ ముక్కలు పరిచి ఉంటే నాని అడిగాడు: "తాతయ్యా, అది నడిచే బండే అన్నావుగా. పాడయ్యాక విప్పొచ్చు కదా?" నేను నోరు తెరిచేలోపు మీ అమ్మ హోంవర్కు అంటూ ఫోన్ లాక్కుంది. నలభై ఏళ్లు తెనాలిలో స్కూటర్ల షెడ్డు నడిపాను, ఈ ప్రశ్న అడగని గిరాకీ లేడు. వాళ్లు డబ్బులు మిగులుతాయేమోనని అడిగేవాళ్లు. వీడు తెలుసుకుందామని అడిగాడు. అందుకే ఈ ఉత్తరం.

ఆ బండి పేరు స్నోమొబైల్. ఇక్కడివాళ్లు స్లెడ్ అంటారు. ముందు రెండు స్కీలు, అంటే ముక్కు పైకి తిరిగిన పొడుగాటి పట్టీలు. కింద గట్లు తేలిన వెడల్పాటి రబ్బరు పట్టా తిరుగుతూ బండిని ముందుకు నెడుతుంది. చక్రమైతే మంచులో దిగబడిపోతుంది. బురదలో పలక వేసుకుని నడిస్తే కాలు దిగబడదు చూడండి, పట్టా చేసే పనీ అదే.

పక్కింటాయనది 1992 మోడల్. ఆయనకి 78 ఏళ్లు. అడవిలో చెరువు పక్కన ఆయనకో చిన్న ఇల్లుంది. చలికాలం ఆ దారిలో మంచు ఎవరూ తీయరు, స్లెడ్ మీద ఇరవై కిలోమీటర్లు పోవాలి. మధ్యలో ఇంజన్ ఆగిందనుకోండి, మైనస్ 25 డిగ్రీల చలిలో మోకాటి లోతు మంచులో నడక. నానీ, నువ్వన్న ఆ "పాడయ్యాక" వచ్చేది అక్కడ! మన ఊళ్లో అయితే బండి తోసుకుంటూ నా షెడ్డుకి వచ్చేసేవాళ్లు.

అసలు ఇలాంటి బండి తయారైందే దారుల్లేక. కెనడాలో, క్విబెక్‌లోని వాల్‌కూర్ అనే ఊళ్లో జోసెఫ్ అర్మాండ్ బొంబార్డియే అనే కుర్రాడుండేవాడు. 1922లో, పదిహేనేళ్లకే, ఒక పాత ఫోర్డు ఇంజన్ని జారుడుబండికి కట్టి, వెనక విమానానికి ముందుండేలాంటి పంకా పెట్టి, వీధిలో నడిపేశాడు. అది చూసి వాళ్ల నాన్న హడలిపోయి మొత్తం విప్పేయమన్నాడు. పన్నెండేళ్ల తర్వాత, 1934 చలికాలంలో, బొంబార్డియే సొంత కొడుకుకే కడుపులో జబ్బు చేసింది. దారులన్నీ మంచుతో మూసుకుపోయాయి, ఆసుపత్రికి తీసుకెళ్లలేకపోయారు. పిల్లాడు దక్కలేదు. ఆ తర్వాత ఆయన పట్టాతో నడిచే మంచుబండ్లు తయారుచేసి అమ్మాడు. 1959లో ఇలాంటి చిన్న బండి కూడా తెచ్చాడు. మీకు ఇది చెప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించాను. చెప్పడమే మంచిదనిపించింది.

సరే, ఇంజన్. నాకు ఇంగ్లీషు అంతంతమాత్రం, ఆయనకి తెలుగు సున్నా. కానీ పిస్టన్ ఇద్దరికీ పిస్టనే. ఈ ఇంజన్ మీ నాన్న నడిపిన చేతక్ స్కూటర్‌లాగా టూ స్ట్రోకు. తేడా ఏమిటంటే దీనికి రెండు సిలిండర్లు, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే గొట్టాలు. తాడు లాగి స్టార్ట్ చేయాలి. మొన్న ఆయన లాగుతుంటే చూశాను, తాడు తేలిగ్గా వచ్చేస్తోంది. లోపల ఒత్తిడి తగ్గిందన్నమాట. వద్దు, ఆపమని చెయ్యి ఊపాను. ప్లగ్గులు తీసి గేజి పెట్టి ఆ ఒత్తిడి కొలిస్తే ఒక సిలిండర్లో 120, రెండోదాంట్లో 90. అంకెలతో మీకు పనిలేదు. రెండూ కాడికి కట్టిన ఎద్దుల జతలా సమానంగా ఉండాలి, అంతే.

టూ స్ట్రోకు ఇంజన్ అంటే కొలిమి తిత్తి అనుకోండి. తిత్తి చూశారా మీరు? చూసి ఉండరు. నా చిన్నప్పుడు మా ఊరి కమ్మరి మామ కొలిమిలో సాయంత్రాలు తిత్తి ఊదడం నా పని. కూలి లేదు, బడి నుంచి వచ్చి నేనే సరదాగా పోయేవాణ్ణి. తోలుసంచి పైకి లేస్తే గాలి లోపలికి పోతుంది, కిందికి నొక్కితే గొట్టంలోంచి నిప్పు మీదికి పోతుంది. బొగ్గులు ముందు ఎర్రబడి, తర్వాత పసుపురంగుకి తిరిగేవి. బండిచక్రం పట్టా కాగేటప్పుడు నా మొహం కూడా కాగేది. ఇంజన్లో పిస్టన్ పైకి వెళ్తే కింది పెట్టెలోకి గాలీ, పెట్రోలూ, ఆయిలూ కలిసి వస్తాయి. కిందికి దిగితే ఆ మిశ్రమం పక్క దారిలోంచి పైకెక్కి అక్కడ మండుతుంది. తిత్తే కదా! ఒకసారి మామ తిత్తికి కుట్టు దగ్గర చిల్లు పడింది. ఆయన చెంప తడిచేసుకుని కుట్టు వెంబడి జరుపుతూ పోయాడు. చల్లగా తగిలినచోట ఆగి, "ఇదిగో దొంగ" అన్నాడు.

మేమూ ఆ దొంగనే వెతికాం. ఇంజన్ నోళ్లన్నీ బిగించి, సైకిల్ పంపుతో కొంచెం గాలి కొట్టి, కుంచెతో సబ్బునీళ్లు రాశాం. పంక్చర్ షాపులో ట్యూబుని నీళ్ల తొట్టిలో ముంచుతారే, అదే విద్య. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఫ్యాను వైపు ఆయిల్ సీల్, అంటే ఇరుసు చుట్టూ గాలి చొరబడకుండా ఉండే రబ్బరు రింగు, దాని అంచున ఆవగింజంత బుడగ ఒకటి పుట్టింది. మెల్లగా శనగగింజంత అయింది, పగిలింది, అక్కడే ఇంకోటి. ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు, గట్టిపడిపోయింది.

ఇక్కడికొచ్చేసరికి నా పోలిక చిరుగుతుంది పిల్లలూ. కొలిమి తిత్తికి చిల్లు పడితే నిప్పు చల్లారుతుంది. ఇంజన్‌కి చిల్లు పడితే నిప్పు మితిమీరుతుంది! చిల్లులోంచి వచ్చేది ఉత్త గాలి. పెట్రోలు పాలు తగ్గుతుంది. పెట్రోలు మండడమే కాదు, ఆవిరవుతూ లోపలి లోహాన్ని కొంచెం చల్లబరుస్తుంది కూడా, కూజా చెమర్చి నీళ్లు చల్లబడినట్టు. పైగా ఆయిల్ అందులోనే కదా కలిసి వచ్చేది, అదీ తగ్గుతుంది. పిస్టన్ వేడెక్కి ఉబ్బుతుంది, గోడని గీరుకుంటుంది, చివరికి పట్టేస్తుంది. హెడ్డు, అంటే పైమూత, విప్పి చూస్తే, 90 చూపించిన సిలిండర్లో పిస్టన్‌కి పొగ బయటికిపోయే వైపు నిలువునా గీతలు, పిల్లి రక్కినట్టు. ఇంకో నెల నడిచేదేమో. ఆ నెల ఎక్కడ పూర్తవుతుందో తెలియదు.

చలి కూడా తోడవుతుంది. మన వేసవి ఉదయం 30 డిగ్రీల గాలితో పోలిస్తే మైనస్ 30 గాలి ఎంత చిక్కనో తెలుసా? అంతే చోటులో దాదాపు నాలుగో వంతు ఎక్కువ గాలి పడుతుంది. అందుకని గాలికి పెట్రోలు కలిపే కార్బొరేటర్లో జెట్టు, అంటే సూదిబెజ్జమంత రంధ్రమున్న ఇత్తడి మర, దానికి తగ్గట్టు వేయాలి. పోయినేడు మిగిలిన పెట్రోలు అందులో బంకలా ఎండిపోయి ఉంటే కడిగాను. గాలి వచ్చే డబ్బాలో ఎలుక సీటు స్పాంజి పీక్కొచ్చి గూడు కట్టుకుంది. పొద్దుతిరుగుడు గింజలు కూడా దాచుకుంది. దాని చలికాలం ఏర్పాట్లు దానివి.

క్రాంకు పెట్టె, అంటే ఆ కింది పెట్టె, విడదీసి కొత్త సీళ్లు వేశాం. కొత్త పిస్టన్లు, రింగులు. పిస్టన్ నెత్తిన బాణం గుర్తుంటుంది, అది పొగగొట్టం వైపు చూడాలి. పిస్టన్ని పట్టి ఉంచే పిన్నుకి చివర సర్‌క్లిప్ అని ఉంగరంలాంటి చిన్న తీగ పెట్టేముందు నేను కింది పెట్టె నోట్లో గుడ్డ కుక్కాను. పక్కింటాయన ఎందుకన్నట్టు చూశాడు. చెప్పడానికి మాటలు చాల్లేదు, మీకు చెబుతాను. పదహారేళ్లప్పుడు, పని నేర్చుకునే రోజుల్లో, ఒక స్కూటర్‌కి ఆ క్లిప్ వేస్తుంటే జారి లోపల పడింది. ఇంకోటి వేసి, నోరెత్తకుండా మొత్తం బిగించేశాను. ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు. తెల్లారి మేస్త్రీకి చెప్పాను. తిట్టలేదు. మళ్లీ అంతా విప్పించి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆ నోట్లో కుక్కాడు. చెయ్యి జారితే జారింది, దాని మీద మూత మాత్రం బిగించకండి.

ఈ ఉదయం గడ్డి మీద తెల్లగా మంచు పేరుకుంది. మూడోసారి తాడు లాగితే అందుకుంది. గ్యారేజీ నిండా నీలం పొగ. ఆయిల్ కాలిన ఆ వాసనకి తెనాలి షెడ్డు కళ్ల ముందుకొచ్చింది. తలుపు బార్లా తీసి ఇద్దరం బయట నిలబడ్డాం. ఆయన ఏదో అన్నాడు, నేనూ ఏదో అన్నాను.

ఇప్పుడు మీ పని. వీధి చివర సైకిల్ షాపులో పంపు తీసుకుని, గొట్టం కొసని బొటనవేలితో గట్టిగా మూసి, పాతికసార్లు కొట్టండి. ఒకళ్లు కొట్టండి, ఇంకొకళ్లు పంపు అడుగున చెయ్యి పెట్టి చూడండి. లోపల నిప్పు లేదు, పెట్రోలు లేదు. మరి చేతికి తగిలిందేమిటో, ఎందుకో నాకు రాయండి. పంపు అడిగే తీసుకోండి సుమా.

మీ తాతయ్య