తలకు దెబ్బ తగిలితే స్టెరాయిడ్ సూదా? అపోహలు – వాస్తవాలు

కర్నూలులో క్యాజువాల్టీ డాక్టర్‌ని. 44వ నంబరు హైవే మీద బైకు మీంచి పడి, తలకు దెబ్బలతో వచ్చేవాళ్లు మాకు నిత్యం ఉంటారు. స్కాన్ ఇంకా చేతికి రాకముందే వెంట వచ్చినవాళ్లు నా చెయ్యి పట్టుకుంటారు: "ఎంత ఖర్చైనా పర్లేదు సార్, వాపు తగ్గే స్టెరాయిడ్ సూది ఏయండి."

అపోహ: ఆ సూది పడితే మనిషి బతుకుతాడు.

వాస్తవం: ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. మెదడులో కణితి ఉంటే దాని చుట్టూ వచ్చే వాపును డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ బాగా తగ్గిస్తుంది. దెబ్బ వల్ల వచ్చే వాపు తీరు వేరు. ఒకప్పుడు డాక్టర్లూ వేసేవాళ్లు. మందు పనిచేస్తుందో లేదో మనుషుల మీద చూసిన 'క్రాష్' అనే పరీక్షలో తలకు దెబ్బ తగిలినవాళ్లలో సగం మందికి రెండు రోజులపాటు మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఎక్కించారు. 20,000 మందిని చేర్చుకోవాలనుకుని, 2004లో 10,008 మంది దగ్గరే ఆపేశారు. రెండు వారాల్లో స్టెరాయిడ్ పడనివాళ్లలో నూటికి 18 మంది పోతే, పడినవాళ్లలో 21 మంది పోయారు. మేం వేయనిది అందుకే. నిర్లక్ష్యం అనుకోకండి.

అపోహ: ఆడవాళ్ల హార్మోన్ ఇస్తే మెదడు కోలుకుంటుంది.

వాస్తవం: ఎలుకల్లో ప్రొజెస్టిరాన్ అనే ఆ హార్మోన్ బాగా పనిచేసింది. నేనూ చాలా ఆశపడ్డాను. మనుషుల మీద చేసిన రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 2014లో వచ్చాయి. లాభం కనబడలేదు.

దెబ్బ మానిన నెలల తర్వాత కూడా నీరసం వదలకపోతే, గడ్డం పలచబడితే, నెలసరి ఆగిపోతే మాత్రం హార్మోన్ల రక్తపరీక్ష చేయించుకోండి. తల దెబ్బకు, మెదడు అడుగున ఉండి హార్మోన్లను నడిపించే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిని ఉండొచ్చు. జిమ్‌లో ఇచ్చే హార్మోన్ సూదులు దానికి మందు కావు.

అపోహ: స్టెరాయిడ్ చెడ్డదైతే, రోజూ మింగేదాన్నీ దెబ్బ తగలగానే ఆపేయాలి.

వాస్తవం: నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర వాడేవాళ్ల ఒంట్లో, కిడ్నీల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు కార్టిసాల్ (ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్) తయారీ తగ్గించేస్తాయి. దెబ్బ తగిలినప్పుడు ఒంటికి కావలసింది అదే, అదీ ఎక్కువగా. ఒక పెద్దాయనకు సెలైన్ ఎంత ఎక్కించినా బీపీ లేవలేదు. ఆయన భార్య కొంగుముడి విప్పి, నలిగిన మాత్రల షీటు తీసింది. "మా ఆయన దినామూ ఇది మింగుతాడు సార్, ఆయాసానికి. దెబ్బ తగిలింది కదా అని రెండు దినాలు ఇయ్యలేదు." ఆ కార్టిసాల్‌నే మందుగా ఇచ్చే హైడ్రోకార్టిసోన్ సూది వేశాక బీపీ నిలబడింది.

మాత్రల పేరు తెలియకపోయినా ఫర్వాలేదమ్మా, ఖాళీ షీటైనా సరే, మనిషితోపాటు తీసుకురండి.