మైలిన్ మీద పొరపాటు దాడి

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదికే తిరగబడే జబ్బులను ‘కంచే చేను మేసింది’ అని వర్ణించడం మనకు అలవాటు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు ఆ సామెత అంతగా అతకదు. దొంగ పోలికలున్న ఇంటిమనిషిని కావలివాడు కొట్టడం ఇందుకు దగ్గరగా ఉంటుంది. ఈ జబ్బులో మెదడులోను, వెన్నుపాములోను నాడీతంతువులను చుట్టి ఉండే మైలిన్ పొర అక్కడక్కడ దెబ్బతిని, చూపు మసకబారుతుంది, కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది.

ఇక్కడ అనుమానమంతా ఎప్స్టీన్-బార్ వైరస్ మీదే. పెద్దవాళ్లలో సుమారు 95 శాతం మందికి ఎప్పుడో ఒకప్పుడు సోకి, బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలలో జీవితాంతం దాగి ఉండే వైరస్ ఇది. ఇందరిలో ఉన్నదాని మీద నేరం రుజువు చేయడం ఎలా? అమెరికా సైనికుల నుంచి ఏళ్ల తరబడి సేకరించి భద్రపరచిన సీరం నమూనాలు దారి చూపాయి. 2022లో వెలువడిన ఆ అధ్యయనంలో 801 మంది రోగుల పాత నమూనాలను చూస్తే, మొదట్లో ఈ వైరస్ సోకనివారు 35 మందే. వారిలో 34 మందికి జబ్బు బయటపడక ముందే అది సోకింది. సోకిన తర్వాత ముప్పు 32 రెట్లు పెరిగింది. దీనిలాగే లాలాజలం ద్వారా కూడా వ్యాపించే సైటోమెగలో వైరస్ వల్ల మాత్రం పెరగలేదు.

అదే ఏడాది స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు రోగి వెన్నుద్రవంలోని బి కణాల నుంచి ఒక యాంటీబాడీని (శత్రువును గుర్తించి అతుక్కునే రక్షక ప్రోటీన్‌ను) పట్టుకున్నారు. అది వైరస్‌కు చెందిన ఈబీఎన్‌ఏ1 ప్రోటీన్‌లో 386 నుంచి 405 వరకు ఉన్న అమైనో ఆమ్లాల ముక్కకు అతుక్కుంటుంది. మన నాడీమండలంలోని గ్లయల్‌క్యామ్ ప్రోటీన్‌కూ అతుక్కుంటుంది. గ్లయల్‌క్యామ్‌కు ఫాస్ఫేట్ చేరితే ఆ పట్టు మరింత బిగుస్తుంది. అయితే ఇలాంటి యాంటీబాడీలు కనిపించింది రోగులలో 20–25 శాతం మందిలోనే కాబట్టి, దీన్నే అసలు కారణంగా చెప్పడం తొందరపాటు. అనాక్టమిన్-2, ఆల్ఫా-బి క్రిస్టలిన్ ప్రోటీన్లకూ ఈబీఎన్‌ఏ1 పోలికలున్నట్టు తేలింది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్‌బీ1*15:01 అనే రోగనిరోధక జన్యురూపం ఉన్నవారిలో ముప్పు ఎక్కువ.

చికిత్స వైపు నుంచి చూస్తే చిక్కు ఇంకొకటి. ఓక్రెలిజుమాబ్ వంటి మందులు బి కణాలను తుడిచిపెట్టినా, యాంటీబాడీలను తయారుచేసే ప్లాస్మా కణాల జోలికి దాదాపుగా పోవు. అయినా జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గుతోందంటే, బి కణాలు యాంటీబాడీల తయారీతో పాటు మరో రకం తెల్ల రక్తకణాలైన టి కణాలకు శత్రువు ముక్కలను చూపి ఉసిగొల్పే పని కూడా చేస్తున్నాయని అనుకోవాలి.