ఎవరి కంట పడకూడదు?

ఒక పదహారేళ్ల అమ్మాయి వాన ఫోటో పెట్టి, కింద ‘వాన వెలిసింది’ అని రాసిందనుకోండి. వాళ్లమ్మ చూసి, బాగుందని లైక్ కొడుతుంది. నలుగురు స్నేహితురాళ్లు మాత్రం వెంటనే ఫోన్ చేస్తారు, ఎందుకంటే ఆ వాన ఎవరో వాళ్లకి తెలుసు. అందరి కళ్లముందే పెట్టింది, అయినా దాచింది. అమెరికాలో ప్యూ పరిశోధన కేంద్రం 2013లో వెలువరించిన సర్వేలో, సోషల్ మీడియా వాడే 12–17 ఏళ్ల వాళ్లలో 58 శాతం మంది ఇలా తమవాళ్లకే అర్థమయ్యేలా రాస్తామని చెప్పారు. అందుకే, ఈ కాలం పిల్లలకి దాపరికం తెలీదంటే నేను ఒప్పుకోను.

ఎక్కువ పంచుకుంటారన్నది మాత్రం నిజమే. ఆ వయసులో తోటివాళ్ల మెప్పు ముందు ఇంకేదీ ఆనదు. 2016లో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు 32 మంది టీనేజర్లను స్కానర్‌లో పడుకోబెట్టి చూస్తే, తమ ఫోటోకి బోలెడు లైకులు కనబడినప్పుడు మెదడులో బహుమతికి స్పందించే భాగం బాగా చురుకైంది. అలాగని ఇది పిల్లల జబ్బేమీ కాదు. 2012లో కెనడా పరిశోధకులు టీనేజర్లనీ పెద్దవాళ్లనీ పక్కపక్కన పెట్టి చూశారు: పిల్లలు ఎక్కువ చెప్పుకుంటున్నారు, ఎవరు చూడాలో ఎంచుకునే సెట్టింగులు తక్కువ వాడుతున్నారు, కానీ నలుగురిలో పేరు రావాలన్న కోరిక ఎంత ఉంటే అంత బయటపెట్టుకోవడం రెండు వయసుల్లోనూ కనిపించింది.

నాకు అసలు తేడా అనిపించేది వేరే. పిల్లలు అమ్మ, నాన్న, టీచరు, అంటే రేపు పొద్దున్నే ఎదురుపడే మనుషుల కంట పడకూడదనుకుంటారు, కంపెనీ ఏం పోగేసుకుంటోందన్నది వాళ్లకి ఎక్కడో దూరంగా ఉండే సంగతి. 2010లో బర్క్‌లీ, పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయాల వాళ్లు అమెరికాలో అడిగితే, 18–24 ఏళ్ల వాళ్లకీ గోప్యత కావాలనే ఉంది, పెద్దవాళ్లకి పెద్దగా తీసిపోలేదు. కానీ గోప్యత చట్టాల గురించి అడిగిన ఐదు ప్రశ్నలకి ఐదూ తప్పు చెప్పినవాళ్లు 42 శాతం! చట్టం తమని నిజంగా కాపాడేదానికంటే ఎక్కువ కాపాడుతోందని నమ్ముతున్నారు.

పెద్దవాళ్ల టెన్షనంతా ఓటీపీ అడిగే మోసగాళ్ల గురించి. అంత జాగ్రత్తపడే మనిషే పుట్టినరోజు, ఊరు, ఉద్యోగం, పిల్లాడి స్కూలు యూనిఫామ్ ఫోటో అన్నీ తనే పెట్టేస్తారు, చూసేది మన చుట్టాలే కదా అని. ఆ పిల్లాడికి పన్నెండేళ్లు వచ్చి ఒకరోజు తన పేరు తనే వెతుక్కునేసరికి, తనింకా ఒక్క పోస్టూ పెట్టకుండానే, చిన్నతనమంతా అక్కడ ఉంటుంది.