ఫాదర్ గారికి బదిలీ అయితే: క్యాంపస్‌లో వినిపించే అపోహలు, అసలు వాస్తవాలు

జూలై 1 నుంచి నేను వేరే విచారణకు (పారిష్‌కు) వెళ్తున్నాను. బిషప్ గారి ఉత్తరం ఆదివారం సాయంత్రం పూజ చివర చదివాను. పూజా వస్త్రాలు మార్చుకునేలోపే వాట్సాప్‌లో ప్రశ్నలు మొదలయ్యాయి. అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల మధ్య పనిచేస్తూ ఇలాంటి వీడ్కోళ్ళు చాలా చూశాను. కొన్ని నావి, ఎక్కువ భాగం తోటి గురువులవి (ఫాదర్‌లవి). ప్రతిసారీ ఇవే మాటలు వింటున్నాను కాబట్టి వెళ్ళేముందు రాసి పెడుతున్నాను.

అపోహ: "ఫాదర్ వెళ్ళిపోతే మాది మళ్ళీ మొదటికొచ్చినట్టే."

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఇదే. ఓసీఐఏలో (పెద్దవాళ్ళను శ్రీసభలో, అంటే కథోలిక సంఘంలో చేర్చుకునే సిద్ధబాటులో) ఉన్నవాళ్ళు, భద్రమైన అభ్యంగనానికి (కన్ఫర్మేషన్‌కి) సిద్ధపడుతున్నవాళ్ళు, పెళ్ళి తరగతులు సగంలో ఉన్నవాళ్ళు, ఎన్నో ఏళ్ళ తర్వాత ధైర్యం చేసి పాపసంకీర్తనానికి (కన్ఫెషన్‌కి) వచ్చినవాళ్ళు ఇలా అనుకుంటారు. వీళ్ళు గొడవ చేయరు, ఎవరినీ ఏమీ అడగరు. మే నెలలో వీడ్కోలు విందుకు వచ్చి, ఫొటో దిగి, కళ్ళు తుడుచుకుని వెళ్తారు. ఆగస్టులో కాలేజీ తెరిచాక ఇక కనిపించరు. కొత్త ఫాదర్‌కి వాళ్ళ ముఖాలు తెలియవు కాబట్టి, రాలేదన్న సంగతే ఆయనకు తెలియదు.

వాస్తవం ఏమిటంటే, మీ సిద్ధబాటు నా డైరీలో లేదు. జ్ఞానస్నానానికి (బాప్తిస్మానికి) సిద్ధపడేవారిని స్వీకరించే కర్మ జరిగాక వాళ్ళ పేర్లు అందుకోసమే ఉంచిన రిజిస్టర్‌లోకి ఎక్కాలని శ్రీసభ చట్టం 788వ నిబంధన చెబుతోంది. గురువు మారినా, మీరే వేరే రాష్ట్రంలో ఉద్యోగానికి వెళ్ళినా ఆ పేరు చెరిగిపోదు. ఇక్కడినుంచి ఒక ఉత్తరం వెళ్తుంది, అక్కడ కొనసాగుతారు.

గుంటూరు జిల్లా నుంచి ఎమ్మెస్‌కి వచ్చిన ఒకమ్మాయి సంగతి చెబుతాను. చిన్నప్పుడు ఊళ్ళోనే జ్ఞానస్నానం, దివ్యసత్ప్రసాదం (మొదటి కమ్యూనియన్) అయ్యాయి. బిషప్ గారు అభ్యంగనం ఇవ్వడానికి ఊరికి వచ్చిన ఏడాది తను హాస్టల్లో ఉండిపోయింది. ఇక్కడ నాకు ముందున్న ఫాదర్ దగ్గర సిద్ధబాటు మొదలుపెట్టింది. ఆయనకు బదిలీ కాగానే మానేసింది. ఈస్టర్ ముందు తపస్కాలంలో స్నేహితురాలు బలవంతంగా తీసుకొస్తే, తలుపు దగ్గరే నిలబడి "మళ్ళీ మొదటి నుంచి రావాలా ఫాదర్?" అని అడిగింది. ఆఫీసు బీరువాలోంచి ఫైలు తీసి ఆమె ముందు పెట్టాను. ఏయే తరగతులకు వచ్చిందో, జ్ఞానతల్లి (గాడ్‌మదర్) ఎవరో, ఊరి విచారణ నుంచి వచ్చిన జ్ఞానస్నాన పత్రం, అన్నీ అలాగే ఉన్నాయి. పాస్కా (ఈస్టర్) తర్వాత అభ్యంగనం పొందింది.

ఆ సమాచారం మేం వాళ్ళ ఊరి విచారణకు పంపాం, పంపాల్సిందే. కొన్నాళ్ళకు అక్కడి విచారణ గురువులు రిజిస్టర్ పేజీ ఫొటో పంపారు. వెలిసిపోయిన సిరాతో ఆమె పేరు, తల్లిదండ్రుల పేర్లు, జ్ఞానస్నానం తేదీ. పక్కన ఖాళీలో నీలం బాల్‌పెన్నుతో అభ్యంగనం తేదీ, ఈ అమెరికా ఊరి పేరు. మొదటి వరుస రాసిన స్వాములవారు కాలం చేసి చాలా ఏళ్ళయింది.

క్యాంపస్‌లలోని మా కథోలిక విద్యార్థి కేంద్రాలకు కార్డినల్ జాన్ హెన్రీ న్యూమన్ గారి పేరు ఉంది కదా, ఆయన కథే చూడండి. 1828 నుంచి ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు సెయింట్ మేరీస్ గుడికి ఆయన గురువు. అప్పటికింకా ఆంగ్లికన్ (ఇంగ్లండ్ చర్చి సభ్యుడు), కథోలికుడు కాలేదు. 1843లో ఆ పదవి వదిలేసి, సెప్టెంబర్ 25న లిటిల్‌మోర్‌లో వీడ్కోలు ప్రసంగం చేశారు. విన్నవాళ్ళు ఏడ్చారు. 1846 ఫిబ్రవరిలో ఆక్స్‌ఫర్డ్ విడిచిన మనిషి మళ్ళీ అక్కడ అడుగుపెట్టింది 1878లో. మధ్యలో 32 ఏళ్ళు. ఆయన పేరుతో మొదటి న్యూమన్ క్లబ్ (కథోలిక విద్యార్థుల సంఘం) 1893లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పుట్టింది, అంటే ఆయన చనిపోయిన మూడేళ్ళకు. 2019లో ఆయనను పునీతుడిగా (సెయింట్‌గా) ప్రకటించారు. విద్యార్థులకు కథోలిక కేంద్రాలు ఏర్పాటు చేయడం బిషప్ బాధ్యత అని 813వ నిబంధన అంటోంది. ఈ కేంద్రం నాతో రాలేదు, నాతో పోదు. దయచేసి ఆగస్టులో మానేయకండి.

అపోహ: "ఇంత అర్ధాంతరంగా మార్చారంటే ఏదో జరిగే ఉంటుంది."

ఈ మాట వింటే నాకు ఓపిక నశిస్తుంది. అమెరికాలో విచారణ గురువుకే మామూలుగా ఆరేళ్ళ గడువు, కావాలంటే పొడిగిస్తారు. క్యాంపస్ గురువుకు ఆ భరోసా కూడా ఉండాలని లేదు. చాలా మేత్రాసనాల్లో (బిషప్‌ల పరిధుల్లో) బదిలీలు వసంతంలో ప్రకటించి జూలైలో అమలు చేస్తారు. మన తెలుగు గురువులకైతే వీసా ఒకటి. మతసేవకులకిచ్చే ఆర్-1 వీసా గరిష్ఠంగా 5 ఏళ్ళే. 2023లో ఇక్కడి ప్రభుత్వం మతసేవకులు నిలబడే గ్రీన్ కార్డు వరుస లెక్క మార్చాక నిరీక్షణ బాగా పెరిగింది. గడువు ముగిసి పెట్టె సర్దుకున్న గురువులు నాకు తెలుసు. వాళ్ళ వెనక పుట్టిన పుకార్లూ తెలుసు.

ఆ అనుమానానికి మూలం లేకపోలేదు. పిల్లల్ని హింసించిన గురువుల్ని గుట్టుచప్పుడు కాకుండా ఊళ్ళు మార్చిన చరిత్ర ఉంది, అది ఘోరం. అందుకే 2002లో అమెరికా బిషప్‌లు నియమావళి తెచ్చుకున్నారు. మైనర్లపై అఘాయిత్యం రుజువైతే ఆ గురువును సేవ నుంచే శాశ్వతంగా తప్పించాలి, విశ్వాసులకు దాచకుండా చెప్పాలి. కాబట్టి మీకు నిజంగా ఏదైనా తెలిస్తే పోలీసులకూ, మేత్రాసనంలో బాధితుల సహాయాధికారికీ చెప్పండి. తెలియకపోతే గ్రూపులో రాయకండి.

అపోహ: "మా పెళ్ళి మీరే చేయాలి ఫాదర్, డేట్ చెబితే వచ్చేయండి చాలు."

నేను రావడం ఒక్కటే చాలదు. ఆ ఊరి విచారణ గురువు గానీ బిషప్ గానీ నా పేరున స్పష్టంగా డెలిగేషన్ (పెళ్ళి జరిపే అధికారం) ఇవ్వాలి. అది లేకపోతే పెళ్ళి చెల్లుబాటే ప్రశ్నలో పడుతుంది. హాలు బుక్ చేసే ముందు విచారణ గురువుతో మాట్లాడండి.

అపోహ: "నా పాపసంకీర్తనం సంగతులు కొత్త ఫాదర్‌కి చెప్పి వెళ్తారు."

చెప్పను. చెప్పకూడదు. ఆ రహస్యాన్ని నేరుగా బయటపెట్టిన గురువుకు ఆ క్షణమే శ్రీసభ నుంచి వెలి. దాన్ని ఎత్తివేసే అధికారం రోమ్‌ది. కొత్త ఫాదర్‌కి మీరు కొత్తవాళ్ళే.

సంతకాల సేకరణతో బదిలీ ఆగుతుందా? నేను చూసినంతలో ఆగదు. వచ్చే ఫాదర్‌కు మాత్రం, అక్కడ అడుగుపెట్టకముందే తనను వద్దన్నారన్న కబురు చేరుతుంది.

విజయవాడ వైపు నుంచి ఒకమ్మ ఫోన్ చేశారు. "మా వాడికి అక్కడ తెలుగులో మనసు విప్పుకోవడానికి మీరు తప్ప ఎవరూ లేరు ఫాదర్ గారూ, ఫోన్లో మీ దగ్గరే పాపసంకీర్తనం చేస్తాడు" అన్నారు. ఆ తల్లి బెంగ నాకు అర్థమైంది. కానీ ఫోన్లో ఆ సంస్కారం జరగదు. బాబు దుబాసిని పెట్టుకుని అయినా చెప్పుకోవచ్చు, 990వ నిబంధన ఒప్పుకుంటుంది. ఆ దుబాసి కూడా రహస్యానికి బద్ధుడే. వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పినా ఫరవాలేదమ్మా అని చెప్పాను.

కొన్ని నెలలు నేను క్యాంపస్ వైపు రాను, గ్రూపులోనూ ఉండను. కొత్త ఫాదర్ కుదురుకోవడానికి మేం పాటించే పద్ధతి ఇది, మిమ్మల్ని మరిచిపోయి కాదు. ఫైళ్ళన్నీ ఆఫీసులో సిస్టర్ గారి దగ్గర ఉన్నాయి. ఓసీఐఏ, అభ్యంగనం, పెళ్ళి తరగతుల్లో ఉన్న ప్రతి ఒక్కరూ కాలేజీ తెరిచిన మొదటి ఆదివారం సాయంత్రం పూజ అయ్యాక ఆమెను కలిసి, పేరు చెప్పి, ఎక్కడ ఆగిందో అడగండి.