బడి వెనక గ్రౌండ్

2024 సెప్టెంబర్ 3న పారిస్ పారాలింపిక్స్‌లో దీప్తి జీవాంజి 400 మీటర్లను 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మేలో జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లతో తన పారా విభాగంలో ప్రపంచ రికార్డు పెట్టిన అమ్మాయి. ఆమె ఊరు వరంగల్ జిల్లా పర్వతగిరి మండలంలోని కల్లెడ అని టీవీల్లో చెప్తుంటే, ఆ ఊరి పేరు అప్పుడే విన్నవాళ్లు చాలామంది. కానీ కల్లెడకు ఇది మొదటిసారి కాదు. 2008లోనే వర్ధినేని ప్రణీత విల్లు పట్టుకుని బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. అప్పటికి ఆమెకు 18 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ చదివింది ఆ ఊళ్లోని ఒకే బడిలో.

ఒక పల్లె, ఒక బడి, పదహారేళ్ల తేడాతో ఇద్దరు ఆడపిల్లలు. దీన్ని అదృష్టం అనుకుని వదిలేస్తే అసలు సంగతి మనకు అందదు.

వరంగల్‌కు పెద్ద చదువులు ముందే వచ్చాయి. 1959లో రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీ, అదే ఏడాది కాకతీయ మెడికల్ కాలేజీ, 1976లో యూనివర్సిటీ. అయితే పల్లెల్లో ఆడపిల్ల చదువు అక్కడిదాకా పోయేదే కాదు. ఊళ్లో ఏడో తరగతి అయిపోతే హైస్కూల్ పక్క ఊళ్లో ఉండేది. బస్సు సరిగా ఉండదు. పిల్ల పెద్దమనిషి అయిందంటే ఇంట్లో టెన్షన్ మొదలు. పత్తి ఏరే రోజుల్లో చేతికి అందొచ్చిన పిల్లను బడికి పంపడం కూలి ఇళ్లకు భారం. చదువు ఆగిన రోజే ఆటా ఆగిపోయేది, ఎందుకంటే పల్లె ఆడపిల్లకు ఆడుకునే చోటంటూ ఉంటే అది బడి గ్రౌండే. 2011 జనాభా లెక్కల్లో కూడా తెలంగాణలో మగవాళ్ల అక్షరాస్యత 75 శాతం, ఆడవాళ్లది 58 శాతం దగ్గరే.

ఈ ముడిని విప్పింది హాస్టల్. పీవీ నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా 1971లో సర్వేల్‌లో మొదటి గురుకులం తెరిచారు, అది మగపిల్లలకే. ఆడపిల్లల గురుకులాలు, 2004లో మొదలైన కస్తూర్బా విద్యాలయాలు తర్వాత వచ్చాయి. తిండి, మంచం, పుస్తకాలు, గ్రౌండ్ ఒకే ప్రహరీ లోపల దొరికేసరికి, పొద్దున్నే పిల్లను ఎవరు తోడు తీసుకెళ్లాలనే ప్రశ్నే లేకుండా పోయింది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి కూలి తల్లిదండ్రుల బిడ్డ మాలావత్ పూర్ణ తాడ్వాయి గురుకులంలో చేరింది. అక్కడి నుంచి భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుని బండ ఎక్కడం నేర్చింది. 2014 మే 25న, పదమూడేళ్ల పదకొండు నెలల వయసులో, టిబెట్ వైపు నుంచి ఎవరెస్ట్ ఎక్కింది.

కల్లెడది ఇంకో దారి. అక్కడి దొరల కుటుంబమే ఊళ్లోని తమ గడీలో, అంటే కోటలాంటి దొరల ఇంట్లో, 1996లో బడి పెట్టింది. ఒకప్పుడు కూలివాళ్లు గడప తొక్కడానికి భయపడిన చోట కూలివాళ్ల పిల్లలు చదువుకున్నారు, విల్లు పట్టారు, పరుగెత్తారు. ఎదుగుదల ఆలస్యమైన దీప్తిని ఊళ్లో కొందరు వెక్కిరించారు, అనాథాశ్రమంలో వదిలేయమని తల్లిదండ్రులకు సలహాలిచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ పిల్ల పరుగును మొదట గమనించింది బడిలోని పీఈటీ సారు. తర్వాత కోచ్ నాగపురి రమేశ్ చేతుల్లో పడింది. ఆటతో వచ్చిన డబ్బుతో ఆమె ఇంటికి పొలం కొనిచ్చింది. ఆడపిల్లను చదివిస్తే ఇంటికేం వస్తుందని అడిగేవాళ్లకు నేను ఆ పొలాన్నే చూపిస్తాను.

నిఖత్ జరీన్‌కు ఇంట్లోనే అండ దొరికింది. నిజామాబాద్ గ్రౌండ్‌లో పరుగు నేర్పింది నాన్న. బాక్సింగ్‌లో చేరిన కొత్తలో కన్ను వాచి, ముక్కు నుంచి రక్తంతో ఇంటికొచ్చిన కూతుర్ని చూసి తల్లి ఏడ్చింది, రేపు పెళ్లెలా అవుతుందని. ఆ అమ్మాయే 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్.

2021 సెప్టెంబర్‌లో హనుమకొండ జేఎన్ఎస్ స్టేడియంలో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగాయి. సింథటిక్ ట్రాక్ మీద హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో 4:05.39తో, 2002 నుంచి సునీతా రాణి పేరిట ఉన్న జాతీయ రికార్డును దాటింది. మన ఊరి ట్రాక్ మీద ఒక అమ్మాయి దేశం రికార్డు దాటిందంటే, సాయంత్రం అదే ట్రాక్‌కు వచ్చే పిల్లకు అది మామూలు విషయం కాదు.

ఒక్క లోటు మాత్రం నన్ను వదలడం లేదు. దీప్తి, నిఖత్‌ల కథల్లో తొలిరోజుల్లో విజిల్ పట్టుకున్నది మగవాళ్లే. వాళ్ల మేలు మరిచిపోలేనిది. కానీ కడుపునొప్పి రోజున ప్రాక్టీస్ మానేసిన పిల్ల, కారణం సారుకు చెప్పలేక ‘జ్వరం’ అంటుంది. నాలుగుసార్లు అలా అన్నాక టీమ్‌లో పేరుండదు. అందుకే పతకాల లెక్కతోపాటు మహిళా పీఈటీలు, మహిళా కోచ్‌ల లెక్కా అడగాలి.

మొన్న హనుమకొండ దగ్గర ఒక బాలికల బడిలో పొద్దున ఆరింటికి వెళ్లాను. కొత్తగా చేరిన పీఈటీ మేడమ్ చున్నీ నడుముకు బిగించి, ప్లాస్టిక్ డబ్బాలో సున్నం పోసుకుని నేల మీద లేన్లు గీస్తోంది. వెనకే ఎనిమిదో తరగతి పిల్ల ఒకతి దారం పట్టుకుని నడుస్తోంది. గీత వంకర పోతే ‘మేడమ్, ఇటు’ అంటూ దారం బిగించి లాగుతోంది.