రింగు పేరుకు యజమాని ఎవరు? రెజ్లింగ్ ట్రేడ్‌మార్క్ వివాదాల నేపథ్యం

ప్రొఫెషనల్ రెజ్లర్ ఒక సంస్థను వదిలి మరో సంస్థలో చేరినప్పుడు అతని బలం, నేర్పు, అభిమానం అతనితోనే వెళ్తాయి కానీ, పేరు చాలాసార్లు పాత సంస్థ దగ్గరే ఉండిపోతుంది. అమెరికాలోని అతిపెద్ద రెజ్లింగ్ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈలో డడ్లీ బాయ్స్‌గా వెలిగిన జోడీ 2005లో బయటికి వచ్చాక టీం 3డిగా కొత్త పేరు పెట్టుకోవలసి వచ్చింది. అక్కడ డీన్ ఆంబ్రోస్‌గా పేరుపొందిన యోధుడు 2019లో సంస్థను వీడి, అంతకు ముందెప్పుడో వాడిన జాన్ మాక్స్‌లీ పేరుకు తిరిగి వెళ్లాడు. ప్రేక్షకులకు ఇది అలవాటైపోయిన తంతే అయినా, ఆటలో మొదటి నుంచీ ఉన్న పద్ధతి మాత్రం కాదు.

1948లో ఏర్పడిన నేషనల్ రెజ్లింగ్ అలయన్స్ నీడలో అమెరికా రెజ్లింగ్ ప్రాంతాలవారీగా ప్రమోటర్ల మధ్య పంపకమై ఉండేది. రెజ్లర్ కొంతకాలం ఒకచోట ఆడి మరోచోటికి వెళ్లేవాడు. ఆదాయం ప్రధానంగా టికెట్లదే కాబట్టి పేరును కాగితం మీద సొంతం చేసుకోవలసిన అవసరం ప్రమోటర్లకు అంతగా కలగలేదు. 1982లో విన్స్ మెక్‌మాన్ నేడు డబ్ల్యూడబ్ల్యూఈగా పిలిచే సంస్థను తన తండ్రి నుంచి కొని, ప్రాంతాల హద్దులు చెరిపి, కేబుల్ టీవీ ద్వారా దేశమంతటికీ విస్తరించిన తర్వాత లెక్క మారింది. బొమ్మలు, టీషర్టులు, వీడియోల అమ్మకం పెద్ద ఆదాయమైంది, వాటిని అమ్మిపెట్టేది పేరే. ఆ సంస్థ రెజ్లర్ హల్క్ హోగన్ పేరులోని ‘హల్క్’ మార్వెల్ కామిక్స్ పాత్రను గుర్తుచేస్తుండడంతో 1984లో మార్వెల్‌తో ఒప్పందం చేసుకోవలసి రావడం, ఆ పేరుతో జరిగే వ్యాపారంలో మార్వెల్‌కు వాటా చెల్లించవలసి రావడం ఈ కొత్త కాలానికి తొలి గుర్తులు.

వీటన్నిటిలో పెద్ద తగాదా రెజ్లర్ల మధ్య జరిగింది కాదు. పాండా గుర్తుతో లోకమంతటికీ తెలిసిన వన్యప్రాణి సంరక్షణ సంస్థ 1961లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే పొడి అక్షరాలతో మొదలైంది. మెక్‌మాన్‌ల రెజ్లింగ్ సంస్థ అవే అక్షరాలకు 1979లో వచ్చింది. రెండింటి పనికీ పోలిక లేదు, కానీ టీవీ ప్రసారాలు సరిహద్దులు దాటేకొద్దీ ఒకే మూడక్షరాలు ఇద్దరికీ ఇరుకయ్యాయి. 1994లో కుదిరిన ఒప్పందం ప్రకారం, ముఖ్యంగా అమెరికా బయట, ఆ అక్షరాల వాడకాన్ని బాగా తగ్గించుకుంటానని రెజ్లింగ్ సంస్థ మాట ఇచ్చింది. ఆ మాట నిలబడలేదు. 1990ల చివర్లో సంస్థ వ్యాపారం ఉప్పెనలా పెరిగింది, కొత్త లోగో వచ్చింది, ఇంటర్నెట్ చిరునామాలోనూ అవే అక్షరాలు చేరాయి. సంరక్షణ సంస్థ ఇంగ్లండ్‌లో దావా వేసింది. ఒప్పందం తన వ్యాపార స్వేచ్ఛకు అన్యాయమైన సంకెళ్లు వేస్తోందన్న రెజ్లింగ్ సంస్థ వాదనను హైకోర్టు 2001 ఆగస్టులో తోసిపుచ్చింది, 2002 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు ఆ తీర్పునే నిలబెట్టింది. ఆ ఏడాది మేలో సంస్థ డబ్ల్యూడబ్ల్యూఈగా మారింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి పాత పోటీల వీడియోలలో లోగోను మసకబరిచి చూపించవలసి వచ్చింది. 2012లో గానీ ఆ మసక తొలగలేదు. ఈ కేసును ఎవరి పేరు ముందుదన్న పోటీగానే చాలామంది గుర్తుపెట్టుకున్నారు. నా దృష్టిలో అసలు పాఠం అది కాదు: కోర్టు ప్రధానంగా చూసింది సంతకం చేసిన కాగితాన్ని.

అదే కాగితం రెజ్లర్ల మెడకూ చుట్టుకుంది. స్కాట్ హాల్, కెవిన్ నాష్ 1996లో పోటీ సంస్థ డబ్ల్యూసీడబ్ల్యూకి వెళ్లి సొంత పేర్లతోనే కనిపించినా, హాల్ మాటతీరు, నడక తమ రేజర్ రమోన్ పాత్రవేనని పాత సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కోర్టుకెక్కింది. అంతటితో ఆగక, రేజర్ రమోన్, నాష్ వాడిన డీజిల్ పేర్లను వేరే ఇద్దరికి ఇచ్చి రింగులోకి పంపింది. ప్రేక్షకులు వాళ్లను అంగీకరించలేదు. చట్టం దృష్టిలో పేరు ఆస్తే కావచ్చు, కానీ దానికి విలువ తెచ్చిన మనిషిని తీసేస్తే ఏమి మిగులుతుందో ఆ ప్రయత్నం చూపించింది. అల్టిమేట్ వారియర్ మరో దారి పట్టాడు: 1993లో తన అసలు పేరునే చట్టబద్ధంగా వారియర్‌గా మార్చుకుని, ఆ పాత్ర హక్కుల కోసం అదే సంస్థతో ఏళ్ల తరబడి కోర్టుల్లో పోరాడాడు.

కోడీ రోడ్స్ విషయం మరీ బాధ కలిగిస్తుంది. రోడ్స్ అన్నది తండ్రి డస్టీ రింగులో సంపాదించిన పేరు. కుటుంబం అసలు ఇంటిపేరు రన్నెల్స్. 2016లో డబ్ల్యూడబ్ల్యూఈని వదిలిన కొడుకు ఆ రోడ్స్‌ను వాడలేక, పోటీ సంస్థ ఏఈడబ్ల్యూలో కేవలం కోడీగా పోటీపడ్డాడు. పాత డబ్ల్యూసీడబ్ల్యూ కార్యక్రమాల పేర్లలో కొన్నింటికి అతను స్వయంగా ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు పెట్టాడు. 2020లో వాటి మీద పట్టు వదులుకున్నాక గానీ తండ్రి పేరు అతనికి దక్కలేదు.

మెక్సికోలో చాలామంది రెజ్లర్లు ముసుగుతోనే ఆడతారు, ముసుగే వాళ్ల ముఖం కాబట్టి అక్కడ చిక్కు ఇంకా లోతైనది. లా పార్కా పాత్రకు ప్రాణం పోసిన తొలి యోధుడు, ఆ పేరు మీద హక్కు ఏఏఏ సంస్థదేనని తేలడంతో 2003లో ఎల్.ఏ. పార్క్‌గా మారాడు, అప్పటికే ఆ ముసుగు వెనుక మరొకరున్నారు. మిస్టికోగా మరో మెక్సికన్ సంస్థ సీఎంఎల్ఎల్‌లో జనాన్ని ఊపేసిన యోధుడు 2011లో డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్లి సిన్ కారా అయ్యాడు. అతను వదిలిన పేరు, ముసుగు ఆ తర్వాత వేరొకరివయ్యాయి. అమెరికాలో సిన్ కారా పేరుకూ అదే జరిగింది. మెక్సికోకు తిరిగి వచ్చాక మిజ్‌టెజిస్‌గా, కారిస్టికోగా కాలం గడిపి, 2021లో గానీ మిస్టికో పేరును మళ్లీ పొందలేదు.

అన్నిచోట్లా సంస్థలే గెలుస్తున్నాయని చెప్పడానికీ వీల్లేదు. రెజ్లర్ మాట్ హార్డీ అమెరికాలోని ఇంపాక్ట్ రెజ్లింగ్ సంస్థలో తీర్చిదిద్దుకున్న ‘బ్రోకెన్’ పాత్ర మీద 2017 అంతా వివాదం నడిచింది. 2018 మొదట్లో ఇంపాక్ట్ తన విధానాన్ని మార్చుకుని, తమ సంస్థలో పెంచుకున్న పాత్రలను రెజ్లర్లు వెంట తీసుకుపోవచ్చని ప్రకటించింది. ఇది ఆ సంస్థ ఇష్టపూర్వకంగా ఇచ్చిన వెసులుబాటే తప్ప చట్టం ఇచ్చిన హక్కు కాదు. మిగిలిన సంస్థలలో చేరే కొత్త రెజ్లర్‌కు రింగు పేరు ఎవరిదవుతుందన్నది ఇప్పటికీ ఎవరి ఒప్పందంలో వారే తేల్చుకోవలసిన విషయం.