పార్థెనాన్ శిల్పాలు: 1938లో ఆ మ్యూజియంలో ఏం జరిగింది?

లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో, ఏథెన్స్‌లోని ప్రాచీన గ్రీకు గుడి పార్థెనాన్ శిల్పాలున్న డువీన్ గ్యాలరీ 2025 అక్టోబరులో మళ్లీ వార్తల్లోకెక్కింది. మ్యూజియం కోసం నిధులు సేకరించే విందు ఒకటి అక్కడ జరిగింది. ఇషా అంబానీ సహ అధ్యక్షురాలు కావడంతో మన పత్రికలూ ఫొటోలు వేశాయి. రెండున్నర వేల ఏళ్ల నాటి శిల్పాల మధ్యే భోజనాల బల్లలు వేయడం మీద గ్రీస్ సంస్కృతి మంత్రి లీనా మెండోని గట్టిగా అభ్యంతరం చెప్పారు. 2024 ఫిబ్రవరిలో అక్కడే ఫ్యాషన్ షో పెట్టినప్పుడూ ఆమె ఇలాగే మండిపడ్డారు. ఒక పూట విందుకు ఇంత రాద్ధాంతం దేనికి అనిపించవచ్చు. ఆ గ్యాలరీ ఎలా పుట్టిందో తెలిస్తే అలా అనిపించదు.

బ్రిటన్ రాయబారి ఎల్గిన్ ప్రభువు ఈ శిల్పాలను ఏథెన్స్ నుంచి ఊడదీసి తెచ్చిన కథ అందరికీ తెలిసిందే. బ్రిటన్ ప్రభుత్వం 1816లో వాటిని 35 వేల పౌండ్లకు కొంది. ఆయనకు అప్పట్లో గ్రీస్‌ను ఏలుతున్న ఒట్టోమన్ అధికారులు ఏ మేరకు అనుమతి ఇచ్చారన్న వాదన రెండు శతాబ్దాలుగా తెగడం లేదు. అయితే బ్రిటన్ ఆ అనుమతి కాగితం మీదే ఆధారపడలేదు. ‘మా దగ్గరున్నాయి కాబట్టే బతికి బట్టకట్టాయి’ అన్నదే జనం నమ్మిన మాట. ఆ మాట 1938లోనే చెల్లకుండా పోయింది. కాకపోతే ఆ సంగతి బయటకు రావడానికి 60 ఏళ్లు పట్టింది.

కళాఖండాల వ్యాపారంలో కోట్లు గడించిన జోసెఫ్ డువీన్ ఈ శిల్పాల కోసం కొత్త గ్యాలరీ కట్టిస్తానని ముందుకొచ్చారు. గ్రీకు పాలరాయి అంటే తెల్లగా మెరిసిపోవాలని ఆయన మనుషుల పట్టుదల. నిజానికి ఈ శిల్పాలు చెక్కిన, ఏథెన్స్ దగ్గరి పెంటెలికస్ కొండ పాలరాయిలో కొద్దిగా ఇనుము ఉంటుంది. ఏళ్లు గడిచే కొద్దీ దాని మీద తేనె రంగు కమ్ముతుంది. చూసేవాళ్లకు అది మురికి. పురాతత్వం చదివేవాళ్లకు మాత్రం ఆ పైపొరే ఆధారం. శిల్పి ఉలి గీతలు, ఆఖరి నునుపు, అప్పట్లో పూసిన రంగుల జాడలు, ఏవి మిగిలినా అక్కడే మిగలాలి.

1937, 38ల్లో ఏడాదికి పైగా కూలీలు ఆ పొరను రాగి పనిముట్లతో గీకారు, కార్బోరండం అనే గరుకు పదార్థంతో రుద్దారు. 1938 సెప్టెంబరులో డైరెక్టర్ జాన్ ఫోర్స్‌డైక్ కంట బల్ల మీది రాగి పనిముట్లు పడ్డాకే పని ఆగింది. సూర్యదేవుడు హీలియోస్, చంద్రదేవత సెలీనీ రథపు గుర్రం తల, దేవదూత ఐరిస్ విగ్రహాలు బాగా దెబ్బతిన్నాయి. నష్టం స్పష్టంగా కనిపిస్తోందని, దాన్ని ఎంత చెప్పినా తక్కువేనని మ్యూజియం సొంత విచారణ సంఘమే రాసింది.

ఆ నివేదికను మాత్రం బయటపెట్టలేదు. విభాగాధిపతి ఫ్రెడరిక్ ప్రైస్ అనారోగ్యం పేరుతో తప్పుకున్నారు, సహాయకుడు రోజర్ హింక్స్ రాజీనామా చేశారు. 1939లో పత్రికలు ఆరా తీస్తే మ్యూజియం తేలిగ్గా కొట్టిపారేసింది. తర్వాత యుద్ధం వచ్చింది, గ్యాలరీ మీద బాంబు పడింది. మరమ్మతులయ్యాక 1962లో గానీ తెరవలేదు. గ్రీస్ మంత్రి మెలీనా మెర్కూరీ హయాంలో 1983లో శిల్పాలు తిరిగిమ్మని అధికారికంగా అడిగితే, మరుసటి ఏడాదే కాదన్నారు. ఏథెన్స్ కాలుష్యంలో శిల్పాలు పాడవుతాయని బ్రిటన్ అన్నేళ్లు మాట్లాడినప్పుడు ఈ ఫైలు మ్యూజియం దగ్గరే ఉంది. 1998లో చరిత్రకారుడు విలియం సెయింట్ క్లెయిర్ వివరాలన్నీ అచ్చు వేసేదాకా లోకానికి పూర్తిగా తెలియలేదు. మరుసటి ఏడాది మ్యూజియం ఒక సదస్సు పెట్టి చర్చకు ఒప్పుకుంది.

మ్యూజియం వాదన వేరే. అప్పట్లో అలా శుభ్రం చేయడం తప్పేనని, కానీ నష్టాన్ని భూతద్దంలో చూపిస్తున్నారని అంటుంది. ఏథెన్స్‌లో పడమటి వరస శిల్పాలు 1993 దాకా గుడి మీదే ఉండి ఆమ్ల వర్షాలకు దెబ్బతిన్న మాటా నిజమే. అయితే ఏథెన్స్ ఆ తర్వాత పద్ధతి మార్చింది. అక్రోపొలిస్ మ్యూజియం 2009లో తెరిచాక, పార్థెనాన్ పక్కనున్న మరో గుడిలో స్తంభాలకు బదులు నిలబెట్టిన కారియాటిడ్ స్త్రీ విగ్రహాలను సందర్శకుల కళ్లెదుటే లేజర్‌తో శుభ్రం చేశారు. ఆ వరుసలో ఒకామె మాత్రం ఇంకా లండన్‌లోనే ఉంది.

పోయిందేమిటో చెప్పడానికి ఐరిస్ ఒక్కటి చాలు. 2009లో జొవాన్ని వెర్రీ అనే పరిశోధకుడు ప్రత్యేక కెమెరాతో చూస్తే ఆమె నడుం పట్టీ మీద ఈజిప్షియన్ నీలం అనే పురాతన రంగు జాడ దొరికింది. అంత గీకాక కూడా అది మిగిలిందంటే, గీకకముందు ఇంకెంత ఉండేదో ఊహించుకోవచ్చు. కొత్త పరికరాలు ఎన్ని వచ్చినా గీకేసిన చోట చూడ్డానికి ఏమీ ఉండదు. అదే నా బాధ.

మనకూ ఆ భవనంతో లెక్క ఉంది. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి, 1859లో లండన్‌కు తరలించిన అమరావతి స్తూపం శిల్పాలు 33ఏ గదిలో ఉన్నాయి. వాటిని ఎవరు ఎలా చూసుకుంటున్నారన్నది మనం కూడా అడగాల్సిన ప్రశ్నే.

2023లో అదే మ్యూజియం నుంచి సుమారు 2,000 వస్తువులు మాయమయ్యాయనో, పాడయ్యాయనో తేలి డైరెక్టర్ హార్ట్‌విగ్ ఫిషర్ తప్పుకున్నారు. ‘మా దగ్గరే భద్రం’ అనే వాదన అప్పటి నుంచి పెద్దగా వినిపించడం లేదు. ఇప్పుడు చెబుతున్న అడ్డంకి 1963 నాటి బ్రిటిష్ మ్యూజియం చట్టం. దాని ప్రకారం ట్రస్టీలు తమంతట తాము శిల్పాలను శాశ్వతంగా ఇచ్చేయలేరు. దాన్ని మార్చే ఆలోచన లేదని స్టార్మర్ ప్రభుత్వం కూడా చెప్పింది. అందుకే ట్రస్టీల చైర్మన్ జార్జ్ ఆస్బోర్న్ అరువు పద్ధతిలో ఒప్పందం వెతుకుతున్నారు. ఏథెన్స్ మాత్రం తన సొత్తును తనే అరువు తెచ్చుకోనంటోంది.